చెరువులో పిలవని చుట్టాలు

హౌరా నుండి ముంబయి వెళ్ళే రైలు మార్గంలో మీరు ఎప్పుడైనా పగటిపూట ప్రయాణం చేసి ఉంటే, బిలాస్‌పూర్ జంక్షను సమీపిస్తున్న కొద్దీ కిటికీలో నుండి ఒకే దృశ్యం మళ్ళీ మళ్ళీ మీ కంటబడి ఉంటుంది. వరి మళ్ళు, ఊరు, ఊరి పక్కన చెరువు; మళ్ళీ వరి మళ్ళు, మళ్ళీ ఊరు, మళ్ళీ చెరువు. ఆ చెరువులలో కొన్ని దూరానికి పచ్చిక బయలు వలె కనిపిస్తాయి. వాటి నడుమ లేత ఊదారంగు పూలు గుత్తులు గుత్తులుగా నిలబడి ఉంటాయి. కొత్తగా చూసినవారు ఎంత అందంగా ఉన్నదో అనుకుంటారు. ఆ చెరువును కౌలుకు తీసుకొని, చేపపిల్లలను వదలి, బ్యాంకుకు వాయిదాలు కట్టవలసిన మత్స్యకారునికి మాత్రం ఆ పువ్వును చూడగానే గుండె జారిపోతుంది.

ఆ మొక్క మనకు కొత్తది కాదు. మన గుర్రపు డెక్కయే అది. ఛత్తీస్‌గఢ్‌లో దానిని జలకుంభి అంటారు. అది ఈ నేలది కాదు, ఈ దేశానిది కాదు, ఈ ఖండానిది కూడా కాదు. ఇటువంటి పిలవని చుట్టాలు మన మంచినీటి చెరువులలో, నదులలో ఎన్ని చేరినవి, వాటివలన చెరువును నమ్ముకొన్న కుటుంబానికి, ఆ కుటుంబానికి అప్పు ఇచ్చిన సంస్థకు కలిగే నష్టమేమిటి, శాస్త్రజ్ఞులు చెబుతున్నదేమిటి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

బిలాస్‌పూరునే ఎందుకు ఎన్నుకొన్నారని మీరు అడగవచ్చు. ఆ ఊరు మనవారికి పరాయిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు బిలాస్‌పూరును, మరొకవైపు వాల్తేరును ఒకే సంస్థ కిందికి తెచ్చినది. ఆ తరువాత వచ్చిన ఆగ్నేయ రైల్వేలోనూ 2003 మార్చి నెలాఖరు వరకు ఈ రెండూ కలిసే ఉన్నవి. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఉద్యోగానికి వెళ్ళిన కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా అక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడ్డాయి. బుధ్‌వారీ బజారులో కూరగాయల బేరం తెలుగులో వినిపించినా అక్కడ ఎవరూ తలతిప్పి చూడరు. 2003 ఏప్రిల్ 1 నుండి ఆ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. రైలు మనుషులనే కాక ఇంకా ఏమేమి మోసుకొని వచ్చినదో ముందు ముందు చూస్తారు.

నూట ఇరవై ఆరు చెరువుల లెక్క

బిలాస్‌పూరుకు ఉత్తరాన సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్ ఉన్నది. కలచురి రాజుల రాజధాని, మహామాయా దేవి క్షేత్రం. ఆ ఊరి చెరువుల సంఖ్యను గురించి అక్కడివారు గర్వంగా చెప్పుకొంటారు. ఛత్తీస్‌గఢీ భాషలో 'ఛై ఆగర్ ఛై కోరీ' అని ఒక నానుడి కలదు. కోరీ అనగా ఇరవై. ఆగర్ అనగా అదనం. ఆరు ఇరవైలు, పైన ఆరు, వెరసి 126. మంచి ఊరికి అన్ని చెరువులు ఉండాలని పెద్దల లెక్క. అన్ని చెరువులు ప్రతి ఊరికీ ఉన్నవని కాదు. ఉండాలన్న కోరిక నానుడిలో నిలిచినదంటే ఆ ప్రాంతం చెరువును ఎలా చూసినదో మీరు ఊహించవచ్చు.

అక్కడ ఊరుమ్మడి చెరువును 'నిస్తారీ తాలాబ్' అంటారు. స్నానానికి, బట్టలు ఉతకడానికి, పశువులను కడగడానికి, కర్మకాండకు అన్నింటికీ అదే. వేసవిలో ఈ చెరువులు అడుగంటినప్పుడు, ఖుటాఘాట్ వంటి జలాశయాల నుండి కాలువల ద్వారా నీరు వదలి వాటిని నింపే ఆనవాయితీ ఉన్నది. ఆ చెరువులోనే మత్స్యకార సంఘం చేపలు పెంచుతుంది, కొందరు సింఘాడా పండిస్తారు, తామర తూళ్ళు తీస్తారు. ఒకే నీటికి ఇందరు హక్కుదారులు ఉన్న చోట చెరువు పాడైతే నష్టం ఒక్క సంఘానిది కాదు.

2025 డిసెంబరులో బిలాస్‌పూరు సమీపంలోని కోప్రా జలాశయానికి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అనగా రామ్‌సర్ జాబితాలో, చోటు దక్కినది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం నుండి ఈ గౌరవం పొందిన మొదటి జలాశయం ఇదే. సాగునీటి కోసం మనుషులు కట్టుకొన్న ఈ జలాశయానికి శీతకాలంలో అరవై జాతులకు పైబడి వలస పక్షులు వస్తాయి. సంతోషించవలసిన విషయమే. కాని ఆ జలాశయానికి పొంచి ఉన్న ముప్పులను లెక్కించేటప్పుడు పూడిక, చుట్టూ పెరుగుతున్న ముమ్మర వ్యవసాయంతో పాటు విదేశీ ఆక్రమణ జాతుల పేరూ చెప్పవలసి వచ్చినది.

ఆక్రమణ జాతి అనగానేమి?

బయటి నుండి వచ్చినదల్లా శత్రువు కాదు. మిరపకాయ, టమాటా, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుండి వచ్చినవే. అవి మనం నాటితే పెరుగుతాయి, మానివేస్తే పోతాయి. ఏ జాతి కొత్త చోట తనంతట తాను సంతతిని పెంచుకొని, తనను అదుపులో ఉంచే శత్రువులు లేక, స్థానిక జాతుల చోటును ఆక్రమిస్తుందో దానినే ఆక్రమణ జాతి అంటారు. 2023లో వెలువడిన అంతర్జాతీయ జీవవైవిధ్య వేదిక నివేదిక ప్రకారం, మనుషుల మూలంగా కొత్త ప్రాంతాలలో స్థిరపడిన జాతులు 37 వేలకు పైగా ఉండగా, వాటిలో హానికరమైనవిగా తేలినవి 3,500 పైచిలుకు. 2019 సంవత్సరంలో వీటివలన ప్రపంచానికి కలిగిన నష్టం 42,300 కోట్ల డాలర్లకు మించినదని ఆ నివేదిక అంచనా.

ఇందులో మంచినీటి వనరుల పరిస్థితి మరింత సున్నితమైనది. భూతలంపై మంచినీరు ఆవరించిన భాగం ఒక్క శాతానికి లోపే. అయినా ప్రపంచంలోని చేప జాతులలో దాదాపు సగం ఆ కొద్ది నీటిలోనే బతుకుతున్నవి. 2025 జనవరిలో ప్రచురితమైన ఒక ప్రపంచ స్థాయి అధ్యయనం 23 వేలకు పైగా మంచినీటి జంతు జాతులను పరిశీలించి, వాటిలో సుమారు నాలుగవ వంతు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవని తేల్చినది. సముద్రంలో చేప ఒక చోట నీరు చెడితే మరొక చోటికి పోగలదు. చెరువులోని చేప ఎక్కడికి పోతుంది?

ఊదారంగు పువ్వు కథ

గుర్రపు డెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. పువ్వు అందానికి ముచ్చటపడి పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో దానిని బెంగాలుకు తెచ్చారు. తోటలో పెట్టిన మొక్క కాలువ దాటినది, కాలువ నుండి నదికి, నది నుండి వరి పొలాలకు పాకినది. ఇరవై ముప్పై సంవత్సరాలలో పడవలు నడవని స్థితి, పంట మునిగే స్థితి వచ్చినది. 1921లో ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసి, దానికి జగదీశ్ చంద్ర బోసు గారిని అధ్యక్షులుగా నియమించినదంటే సమస్య ఎంతవరకు వచ్చినదో మీరే ఆలోచించండి. 1936లో బెంగాలులో ఈ ఒక్క మొక్క కోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. చట్టం వచ్చినది, ఎన్నికలలో వాగ్దానాలు కూడా వచ్చినవి. మొక్క మాత్రం పోలేదు.

ఎందుకు పోదో ఒక చిన్న లెక్క వేసి చూడండి. అనుకూలమైన నీటిలో ఈ మొక్క పది రోజులలో రెట్టింపు కాగలదు. జూలై మొదటి వారంలో మీ చెరువు మూలన 100 చదరపు మీటర్ల మేర, అనగా ఒక చిన్న ఇంటి స్థలమంత, ఉన్నదనుకొందాం. ఎవరూ పట్టించుకోరు. పది రోజులకు 200, ఇరవై రోజులకు 400. ఇలా ఏడు మారులు రెట్టింపయ్యేసరికి, సెప్టెంబరు నడుమకు, అది 12,800 చదరపు మీటర్లు. ఒక హెక్టారుకు మించినది. మూలన ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు ఒక పూటలో లాగివేయగలిగినది, పండుగ నాటికి ఊరంతా కలిసినా తీయలేనిదవుతుంది. ఒక హెక్టారులో దట్టంగా అల్లుకొన్న గుర్రపు డెక్క తడి బరువు 200 టన్నులు దాటవచ్చు. అందులో తొంభై శాతానికి పైగా నీరే. ట్రాక్టరు ట్రక్కులో మూడు టన్నుల చొప్పున మోయించినా అరవై ఏడు ట్రిప్పులు. డీజిలు, కూలి లెక్క మీ ఊరి ధరలలో మీరే కట్టి చూడండి. ఆ ఖర్చు అప్పు దరఖాస్తులోని ఏ గడిలోనూ ఉండదు.

పైకి కనిపించే నష్టం అదైతే, కింద జరిగేది వేరు. మొక్కల దుప్పటి కింద వెలుతురు పడదు. వెలుతురు లేనిదే నీటిలోని సూక్ష్మమైన వృక్ష ప్లవకాలు పెరగవు. వాటిని తినే సూక్ష్మజీవులు తగ్గుతాయి. ఆ సూక్ష్మజీవులను ఆధారం చేసుకొని పై నీటిలో తిరిగే బొచ్చె చేప ఎదుగుదల ముందుగా కుంటుపడుతుంది. తరువాత శీలావతి. కుళ్ళిన ఆకులు అడుగున చేరి ప్రాణవాయువును హరిస్తాయి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. వల లాగుదామంటే వల సాగదు. విత్తనం, మేత, కౌలు అన్నింటికీ డబ్బు పెట్టి, చేప నీటిలో ఉండి కూడా చేతికి రాని విచిత్ర పరిస్థితి అది. గట్ల మీద పెరిగే మరొక అమెరికా మొక్క ఉన్నది. తెలంగాణలో లొట్టపీసు అంటాము. ఛత్తీస్‌గఢ్‌లో దానిని 'బేశరం', అనగా సిగ్గులేనిది, అంటారు. ఎంత నరికినా మళ్ళీ వస్తుందని ఆ పేరు పెట్టినవారు ఎవరోగాని వృక్షశాస్త్రం బాగా తెలిసినవారు.

అయితే మొక్కను మాత్రమే తిట్టి లాభం లేదు. గుర్రపు డెక్కకు ఆహారం నత్రజని, భాస్వరం. పట్టణాల మురుగు, పొలాల నుండి కొట్టుకొని వచ్చే ఎరువు దానికి విందు భోజనం. బిలాస్‌పూరు మధ్యగా పారే అర్పా నది పెండ్రా ప్రాంతంలో పుట్టి, శివనాథ్ నదిలో కలిసి, దాని ద్వారా మహానదికి చేరుతుంది. వర్షాకాలం దాటగానే చాలాభాగం ఇసుకగా మిగిలే ఈ నదిలో, పట్టణపు కాలువలు కలిసిన చోట్ల మాత్రం మొక్క దట్టంగా పట్టుకొంటుంది. తోర్వా వద్ద ఛఠ్ పూజకు వేలాది మంది దిగే ఘాట్ ఉన్నది. ఆ నది దుస్థితి బిలాస్‌పూరులోని హైకోర్టు విచారణకే వచ్చినది. మురుగు ఆగనంత కాలం మొక్క తీయడం, అంట్లగిన్నె తోమకుండా ఈగలను తోలడం వంటిదే.

ఆకును తినే పురుగు

తీయడానికి మూడు మార్గాలున్నవి. మొదటిది చేతితో, లేక యంత్రంతో లాగివేయడం. రెండవది మందు చల్లడం. ప్రజలు స్నానం చేసే, పశువులు తాగే నిస్తారీ చెరువులో మందు ప్రసక్తి తేరాదు. పైగా ఒక్కసారిగా చచ్చిన మొక్క చెరువులోనే కుళ్ళి ప్రాణవాయువు పడిపోయి చేపలు చనిపోతాయి. ఇక మూడవది, పుట్టింటి నుండి శత్రువును తెప్పించడం.

1980ల తొలి సంవత్సరాలలో గుర్రపు డెక్కను తినే 'నియోకెటినా' జాతి ముక్కుపురుగులను అమెరికా నుండి బెంగుళూరుకు తెచ్చారు. అయిదు మిల్లీమీటర్ల పురుగు. పెద్ద పురుగు ఆకును గీకి తింటుంది, దాని పిల్ల పురుగు కాడలోకి తొలుచుకొని పోతుంది. మొక్క కుంగి, మునిగిపోతుంది. మరే పంటనూ ముట్టుకోదని పరీక్షించి నిర్ధారణ చేసుకొన్న తరువాతనే బెంగుళూరు చెరువులలో వదిలారు. మణిపూరులోని లోక్‌తక్ సరస్సు వంటి చోట్ల కూడా మంచి ఫలితం కనిపించినది. ఒక విదేశీ జాతిని అణచడానికి మరొక విదేశీ జాతిని తేవడమేమిటని మీకు సందేహం కలగడం సహజం. ఆ సందేహమే శాస్త్రజ్ఞులకూ ఉండబట్టి అన్ని పరీక్షలు చేశారు.

ఇదే కోవలో మరొక ఉదాహరణ బిలాస్‌పూరు రైల్వే వారికి బాగా తెలిసిన దారిలోనే ఉన్నది. బిలాస్‌పూరు నుండి పెండ్రా రోడ్డు, షాడోల్ మీదుగా కట్నీకి రైలు మార్గం పోతుంది. ఆ కట్నీ జిల్లాలో ఒక గ్రామ చెరువును సాల్వీనియా అనే నీటి ఫెర్ను మొక్క పూర్తిగా కప్పివేసినది. కేరళలో 'ఆఫ్రికన్ పాయల్' అని పిలిచే మొక్క ఇదే. పేరుకు ఆఫ్రికా అయినా పుట్టుక బ్రెజిల్. జబల్‌పూరులోని జాతీయ కలుపు పరిశోధన సంస్థ వారు 2019 చివరలో ఆ చెరువులో 'సిర్టోబాగస్' అనే ముక్కుపురుగులను వదిలారు. మొదటి నెలలలో ఏ మార్పూ లేదు. పురుగుల సంఖ్య పెరిగిన తరువాత ఆకులు గోధుమరంగుకు తిరిగినవి. సుమారు ఏడాదిన్నరకు చెరువులో మళ్ళీ నీరు కనిపించినది. 1980లలో కేరళలోని కుట్టనాడులో ఇదే పురుగు వరి రైతుల కలుపు తీత భారాన్ని తగ్గించిన సంగతి శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలుసు.

ఇందులో రుణం ఇచ్చేవారు, తీసుకొనేవారు గుర్తుంచుకోవలసిన విషయమొకటి ఉన్నది. పురుగుకు ఓపిక కావాలి. సాల్వీనియాపై ఏడాదిన్నర అయితే, గుర్రపు డెక్కపై రెండు నుండి నాలుగు సంవత్సరాలు పట్టవచ్చు. మీ అప్పు మొదటి వాయిదా అంతకాలం ఆగదు. కనుక పురుగును నమ్మి మొదటి సంవత్సరం చేపపిల్లలు వదలడం తొందరపాటు. అలాగే పురుగు వదిలిన చెరువులో మందు చల్లితే పురుగూ పోతుంది, పెట్టిన శ్రమా పోతుంది.

రైలెక్కి వచ్చిన చేపపిల్ల

ఇప్పుడు చేపల సంగతికి వద్దాం. పాతతరం రైల్వే ఉద్యోగులను అడిగితే చెబుతారు. హౌరా నుండి బయలుదేరిన ప్యాసింజరు బండ్లలో కుండలు, డబ్బాలు పెట్టుకొని కొందరు కూర్చుని, రాత్రంతా నిద్రపోకుండా చేతులతో నీటిని చిలుకుతూ ఉండేవారు. అవి చేపపిల్లల కుండలు. నీరు కదలకపోతే గాలి అందక తెల్లవారేసరికి పిల్లలన్నీ చచ్చిపోతాయి. గంగ, దాని ఉపనదుల నుండి వరద కాలంలో పట్టిన విత్తనం ఈ విధంగా దేశమంతటా చేరేది. నదిలో పట్టిన విత్తనంలో బొచ్చె, శీలావతి, మోసు పిల్లలతో పాటు ఇంకేమేమి కలిసినవో వేలెడు పొడవు పెరిగేవరకు ఎవరికీ తెలిసేది కాదు.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి గారు, వారి సహచరులు, పీయూష గ్రంథి సారం సూదిమందుగా ఇచ్చి మన కార్పు చేపలచే చెరువులోనే గుడ్లు పెట్టించారు. ఆ రోజునే నేడు జాతీయ మత్స్య రైతుల దినంగా పాటిస్తున్నాము. నది మీద ఆధారపడనవసరం లేని విత్తనం వచ్చినది. పాలిథీను సంచిలో ప్రాణవాయువు నింపే పద్ధతి వచ్చిన తరువాత నీరు చిలికే మనిషితో కూడా పని లేకపోయినది. కాని సంచిలో ఏమున్నదన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలినది.

ఎందుకంటే విదేశీ చేపలు మనకు ఒకటీ రెండూ కాదు. మొజాంబిక్ తిలాపియా 1952లో వచ్చినది. గడ్డి చేప, వెండి చేప 1959లో వచ్చినవి. గడ్డి చేప వలన మేలే జరిగినది. నీటి మొక్కలను తింటుంది, మామూలు చెరువులో తనంతట తాను గుడ్లు పెట్టదు కనుక అదుపులో ఉంటుంది. తిలాపియా అలా కాదు. తల్లి చేప గుడ్లను నోటిలో పెట్టుకొని పొదుగుతుంది కనుక పిల్లలు చాలావరకు బతికిపోతాయి, ఏడాదిలో పలుమార్లు సంతతి. చెరువంతా అరచేతి కంటె చిన్న చేపలే నిండిపోయి, మీరు వేసిన మేత అవే తిని, అమ్మబోతే ధర పలకవు.

మరొక బిలాస్‌పూరు కథ చెబుతాను. హిమాచల్ ప్రదేశ్‌లో కూడా బిలాస్‌పూర్ అనే ఊరున్నది, భాక్రా ఆనకట్ట వెనుక ఏర్పడిన గోవింద్ సాగర్ ఒడ్డున. 1971లో అక్కడి ఒక చేపల క్షేత్రం నుండి వెండి చేప వరదలో తప్పించుకొని జలాశయంలో పడినది. చల్లని నీరు దానికి సరిపడినది, తనంతట తానే గుడ్లు పెట్టసాగినది. కాలక్రమేణా పట్టిన చేపలో అధికభాగం అదే అయినది. అదే ఆహారం కోసం పోటీపడే బొచ్చె క్షీణించినది. న్యాయంగా చెప్పవలసినదేమంటే, జలాశయపు మొత్తం దిగుబడి పడిపోలేదు, పెరిగినది కూడా. కాని బజారులో బొచ్చెకు వచ్చే ధర వెండి చేపకు రాదు, అది త్వరగా చెడిపోతుంది కూడాను. టన్నుల లెక్కకు, రూపాయల లెక్కకు తేడా ఇక్కడే ఉన్నది.

అందరికన్న ప్రమాదకరమైన అతిథి ఆఫ్రికా మార్పు చేప. ఉత్తరాదిన 'థాయ్ మంగూర్' అని పిలుస్తారు. 1990ల ప్రారంభంలో బంగ్లాదేశ్ మీదుగా అనుమతి లేకుండా మన దేశంలో ప్రవేశించినది. మన దేశవాళీ మార్పు అరకిలో తూగడానికే తంటాలు పడుతుంది. ఇది సరియైన మేత ఉంటే ఏడాదిలోపు కిలోలకు పెరుగుతుంది. కోళ్ళ వ్యర్థాలు వేసినా తింటుంది. చిన్నచేపను, కప్పను, దొరికితే పక్షిపిల్లను కూడా వదలదు. నీరు తగ్గితే గాలి పీల్చి బతుకుతుంది, వానకు గట్టు దాటి పక్క చెరువుకు పాకుతుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలోకి చొరబడితే అటవీశాఖవారు వలలు వేసి ఏరించవలసి వచ్చినది. కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో దీని పెంపకాన్ని నిషేధించగా, 2019 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉన్న నిల్వలను ధ్వంసం చేయమని ఆదేశించినది. అయినా ఆంధ్ర, తెలంగాణలతో సహా పలు రాష్ట్రాలలో దొంగచాటుగా పెంచుతున్నవారు పట్టుబడుతూనే ఉన్నారు.

ఇక్కడ పేదవాడి మాట కూడా వినాలి. మేతకు డబ్బు లేనివానికి, కోళ్ళ దుకాణం వెనుక ఊరికే దొరికే వ్యర్థంతో ఆరు నెలలలో చేతికి వచ్చే చేప ఎంత ఆకర్షణీయంగా ఉంటుందో తెలియనిది కాదు. కాని అధికారులు వచ్చి చెరువును గుంటలో పూడ్చిపెట్టించిన నాడు, నిషిద్ధ చేపకు పరిహారమిమ్మని ఏ మొహంతో అడుగుతారు? అప్పు మాత్రం పుస్తకంలో ఉండనే ఉంటుంది.

ఒక లీటరు నీటిలో సాక్ష్యం

గాజు తొట్టెలలో అలంకారానికి పెంచే చేపలలో ఒంటి మీద పెంకు వంటి కవచం ఉన్న దక్షిణ అమెరికా జాతి ఒకటి ఉన్నది. తొట్టె అద్దానికి పట్టిన పాచి తింటుందని కొంటారు. అడుగు పొడవు పెరిగేసరికి విసిగి దగ్గరి కాలువలో వదిలేస్తారు. అది గట్లలో బొరియలు తవ్వుతుంది, వలలో పడితే ముళ్ళతో వల చించుతుంది, తినడానికి పనికిరాదు. మన జాలరులు దానిని దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు దీని ఆచూకీ తీయడానికి చేపను పట్టనేలేదు. ప్రతి జీవి తన పొలుసు, జిగురు, మలం ద్వారా నీటిలో తన డి.ఎన్.ఎ.ను విడుస్తూ ఉంటుంది. కొద్దిపాటి నీటిని వడకట్టి ఆ జాడను గుర్తించడం ఈ పద్ధతి. తూర్పు కనుమలలో వారు పరిశీలించిన జలవనరులలో సుమారు 60 శాతం చోట్ల ఈ చేప జాడ దొరికినది. కంటికి కనిపించకముందే ఉనికి తెలిస్తే, మూలనున్న 100 చదరపు మీటర్ల గుర్రపు డెక్కను తీసివేసినంత సులువుగా పని తీరవచ్చు.

కొల్లేరు నేర్పినది

ఛత్తీస్‌గఢ్ చెరువుల గురించి ఇంత చెప్పి మన కొల్లేరును మరువలేము. 1970లలో అక్కడి పేదలకు సహకార సంఘాలు పెట్టించి, సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించినవారు ప్రభుత్వం వారే. సంపద వచ్చినది. దాని వెంట పెద్ద పెట్టుబడి, పెద్ద గట్లు, గుర్రపు డెక్క కూడా వచ్చినవి. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది, 2006లో అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లను యంత్రాలతో తెగగొట్టారు. ఎవరి గట్టు ఎక్కడ ఉన్నదో, కాగితాలలో ఏమి రాసి ఉన్నదో, ఆ కాగితాల మీద ఎవరు ఎంత అప్పు తెచ్చుకొన్నారో ఆ రోజుల్లో అక్కడ తిరిగినవారికి చెప్పనవసరం లేదు. కోప్రా జలాశయం పరిసరాలలో రేపు చేపల పెంపకానికి దరఖాస్తు చేసేవారు, దానిని పరిశీలించేవారు ఈ తేదీలను ఒకసారి చదువుకోవడం మంచిది. రామ్‌సర్ ఫలకం పడిన తరువాత సరిహద్దు ఎక్కడిదన్న ప్రశ్న తప్పక వస్తుంది.

దరఖాస్తు చేతికి వచ్చినప్పుడు

కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని 2018-19 నుండి మత్స్యకారులకు కూడా విస్తరించారు. సకాలంలో చెల్లించినవారికి వడ్డీ రాయితీలు పోను నాలుగు శాతం మాత్రమే పడుతుంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో యూనిట్ వ్యయంపై సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు 60 శాతం సహాయం నిర్ణయించారు. ఇవన్నీ మీరు ఎరిగినవే. ఈ పథకాల కాగితాలలో చెరువు విస్తీర్ణం ఉంటుంది, లోతు ఉంటుంది, కౌలు గడువు ఉంటుంది. చెరువులోకి నీరు ఎటు నుండి వస్తున్నదన్న ప్రశ్న సాధారణంగా ఉండదు.

మీరు రుణాధికారి అయితే ఆ ప్రశ్న అడగండి. కాలువ నుండి నీరు వస్తున్నట్లయితే, పై జలాశయంలో గుర్రపు డెక్క ఉన్నదా? తూము నోటి వద్ద వెదురు తడిక, సన్నని వల కట్టడానికి అంచనాలో డబ్బు పెట్టారా? ఈ రెండింటికీ అయ్యే ఖర్చు, తరువాత అరవై ఏడు ట్రాక్టరు ట్రిప్పులకు అయ్యే ఖర్చు ముందు ఎంత? తనిఖీకి మార్చిలో కాక, సాధ్యమైతే ఆగస్టులో వెళ్ళండి. మార్చిలో ప్రతి చెరువూ శుభ్రంగానే కనిపిస్తుంది.

మీరు సంఘ కార్యదర్శి అయితే, కలుపు తీత వ్యయాన్ని ఏటేటా వచ్చే ఖర్చుగా అంచనాలో చూపండి. చూపితే అప్పు రాదేమోనని దాచకండి. తీసిన మొక్కను గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకు మళ్ళీ నీటిలోకే చేరుతుంది. దూరంగా గుంట తవ్వి, పేడతో కలిపి కంపోస్టు చేస్తే వరి మళ్ళకు పనికి వస్తుంది. మొక్క పూత పూయకముందే తీయించండి. ఒకసారి విత్తనం బురదలో పడితే అది ఇరవై ఏళ్ళ వరకు మొలకెత్తగలదు. అది మీ కౌలు గడువు కంటే ఎక్కువ.

ఇక విత్తనం. ప్రభుత్వ గుర్తింపు గల హేచరీ నుండి రసీదుతో కొనండి. సంచులు వచ్చిన తెల్లవారుజామున వాటిని తిన్నగా చెరువులో కుమ్మరించకండి. సంచిని ముందుగా నీటిపై కాసేపు తేలనిచ్చి వేడిమి సరిపోనిచ్చిన తరువాత, ఒక్కొక్క సంచి నుండి ఒక్కొక్క దోసెడు పిల్లలను తెల్లని పళ్ళెంలోకి తీసి చూడండి. మీసాలు బారెడుగా ఉన్న పిల్ల, తల బల్లపరుపుగా ఉన్న పిల్ల కార్పుల మధ్య కనిపిస్తే ఆ సంచిని గట్టు దిగనీయవద్దు. విత్తనం తెచ్చిన వ్యాపారి రైలు టైమైపోయిందని తొందరపెడతాడు. పెట్టనీయండి. బిలాస్‌పూరు నుండి హౌరా వైపు పోయే బండ్లకు కొదువ లేదు.